పదమూడో మెషీన్

ఉండాల్సింది రెండు. తెర మీద మూడు కనిపిస్తోంది.

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. మూడే.

గడియారాలు బాగుచేసే దుకాణం పైన రెండు గదులు, అదే వాళ్ల ఆఫీసు. ముందు గదిలో ఆమె ప్రోగ్రాములు రాస్తుంది. వెనక గదిలో మరిది కూర్చుంటాడు. కూర్చోవడం తక్కువ, తిరగడం ఎక్కువ. కొనేవాళ్ల దగ్గరికి వెళ్లి మాట్లాడేది, ప్రోగ్రామ్ పెట్టి వచ్చేది, చివాట్లు తినేది అతనే. వాళ్లు అమ్మేది ఒకటే వస్తువు. అది కంప్యూటర్ల ఒంట్లో ఎంత వేడి ఉందో, ఫ్యాన్లు ఎంత వేగంగా తిరుగుతున్నాయో రెండు సెకన్లకొకసారి కొలుస్తుంది. కొలిచిన అంకెల్ని మెమరీలో ఒక మూల రాసి పెడుతుంది. ఆ మూలను ఆమె భర్త 'పలక' అనేవాడు. పలక మీద రాసేది వీళ్ల ప్రోగ్రామ్ ఒక్కటే. చదవడం మాత్రం ఆ మెషీన్ల మధ్య నడిచే ఏ ప్రోగ్రామైనా చదువుకోవచ్చు. చదివేవాళ్ల పేరు పలక అడగదు. ఎంతమంది చదువుతున్నారో లెక్క మాత్రం పెట్టుకుంటుంది.

"పేరెందుకు?" అనేవాడాయన. "గోడ గడియారంలో టైము చూసేవాణ్ణి నువ్వెవరివని అడుగుతామా?"

ఆయన పోయి ఏడాది రెండు నెలలైంది. ఆయన రాసిన ప్రోగ్రామ్‌లో ఆమె ఒక్క అక్షరం కదపలేదు. పలకను ఎలా చదవాలో చెప్పే రెండు కాగితాలను మాత్రం, ఒకప్పుడు అడిగినవాళ్లందరికీ ఇచ్చేవాటిని, సొరుగులో పెట్టి తాళం వేసింది.

రక్తపరీక్షలు చేసే ల్యాబు ఒకటి వాళ్లకు పాత ఖాతాదారు. అక్కడ పరీక్షలు నడిపే కంప్యూటర్ మెషీన్లు పన్నెండున్నాయి. పలకను చదివే ప్రోగ్రాములు రెండే: ఒకటి గోడ మీది తెరకు అంకెలు చూపించేది, రెండోది వారానికోసారి రిపోర్టు రాసేది. రెండూ ఆమె చేతి పనే. మరి ఈ మూడోది ఎవరిది?

వెనక్కి వెళ్లి చూసింది. నిన్న, అంటే మంగళవారం, మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. అప్పటినుంచి అయిదు సెకన్లకొకసారి క్రమం తప్పకుండా చదువుతోంది.

మంగళవారం మూడింటికి ఆ ల్యాబులో ఉన్నది మరిదే.

అదే వస్తువు తయారుచేసే పెద్ద కంపెనీ ఒకటి ఉంది. ప్రోగ్రామ్‌ను తమకు ఇచ్చేయమని రెండుసార్లు మనిషిని పంపింది. రెండుసార్లూ ఆమె కుదరదని తేల్చి చెప్పింది. వాళ్లకు కావలసింది కొలవడం కాదు, అది వాళ్లకూ వచ్చు. కొలిచిన అంకెను పదిమందికీ పంచే పద్ధతి కావాలి. ఆయన మూడేళ్లు కూర్చుని చేసింది అదే. అది చేజారితే ఆయన చేతిరాత ఇంక ఎక్కడా మిగలదని ఆమె భయం. ఈ భయాన్ని ఆమె ఎవరితోనూ అనలేదు.

పైగా, సోమవారం ల్యాబువాళ్లు తమ పదకొండు శాఖల్లోనూ ఈ ప్రోగ్రామ్ పెట్టుకోవాలా వద్దా అన్నది తేలుస్తారు. ఉత్తరంలో రెండే షరతులు రాశారు. అంకె నిజమై ఉండాలి. అంకె బయటికి పోకూడదు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. మరిది హెల్మెట్ చంకన పెట్టుకుని లోపలికొచ్చాడు.

"ఏంటి వదినా, తెరలోకి దూరిపోయేలా ఉన్నావు? కొత్త సినిమా వేశారా?"

"నిన్న ల్యాబులో ఎంతసేపున్నావు?"

"గంటన్నర. వాళ్ల మేనేజరమ్మ టీ ఇప్పించింది. అదేం టీ వదినా! గోరువెచ్చటి నీళ్లకి టీ గురించి ఎవరో దూరం నుంచి చెప్పినట్టుంది."

"అక్కడ కొత్తగా ప్రోగ్రామేమైనా పెట్టావా?"

"నేనా? లేదు."

ఆమె తలెత్తి చూసింది. ఏ ప్రశ్న అడిగినా దాన్ని ఊరంతా తిప్పి తీసుకొచ్చి గాని జవాబు చెప్పని మనిషి. ఈసారి ఒక్క ముక్కలో తేల్చేశాడు. తేల్చేసి, అది చాలలేదనుకున్నాడో ఏమో, నవ్వాడు.

"నాకు ఆన్ చేయడం, ఆఫ్ చేయడం వచ్చు. అదీ నువ్వు పక్కనుంటేనే."

ఇంతలో అతని ఫోను మోగింది. ఎవరో చూసుకుని, "ఇప్పుడే వస్తా" అంటూ మెట్ల మీదికి వెళ్లి తలుపు దగ్గరగా లాగాడు. ఈ వారంలో ఇది నాలుగోసారి. మనిషి గొంతు ఎప్పుడూ వీధి చివరిదాకా వినిపించేది. ఇప్పుడు గుసగుస తప్ప ఏమీ వినిపించడం లేదు.

ఆమె లేచి సొరుగు తాళం తీసింది. రెండు కాగితాలూ ఉన్నాయి. అయితే రెండోది పైన ఉంది, మొదటిది కింద ఉంది.

ఆమె అలా పెట్టదు. ఏ కాగితాన్నయినా ఆమె అలా పెట్టదు.

సరిచేసి, తాళం వేసి, వచ్చి కుర్చీలో కూర్చుంది. రెండో తాళంచెవి మరిది గుత్తిలోనే ఉంటుంది. అతను లోపలికి వచ్చాక ఫోను ఎవరిదని అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఇల్లు అందరిదీ ఒకటే. కింద మరిది కుటుంబం, మేడ మీద ఆమె. ఆ బుధవారమే సాయంత్రం తోటికోడలు ఆరిన బట్టలు మడతపెడుతూ పిలిచింది.

"అక్కా, నీకొక మాట చెప్పాలి. చెప్పలేదనుకో."

"సరే, చెప్పలేదు."

"శుక్రవారం పొద్దున ఆయన ఏదో కంపెనీకి వెళ్తున్నారు. నీతో అనొద్దన్నారు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి పెట్టమన్నారు. మా పెళ్లిరోజుకి కూడా నలిగిన చొక్కాతోనే తిరిగిన మనిషి ఈయన! ఎవరి కోసమో ఈ సోకంతా?"

"ఎన్ని గంటలకట?"

"పదింటికి అక్కడ ఉండాలట." తోటికోడలు చేతిలోని తువ్వాలు అలాగే పట్టుకుని ఆమె ముఖంలోకి చూసింది. "ఏమైంది అక్కా? నేను చెప్పకుండా ఉండాల్సిందా?"

"నువ్వేం చెప్పావు? ఏమీ చెప్పలేదుగా."

ఆమె మేడ మీదికి వెళ్లింది. మరిదిని చిన్నప్పటినుంచీ ఎరుగును. ఆమె కాపురానికి వచ్చేనాటికి అతను ఇంకా బడికి వెళ్తున్నాడు. అన్న చెప్పులేసుకుని వీధంతా టపటపలాడిస్తూ తిరిగేవాడు. అలాంటివాడు ఇలా చేస్తాడా అని ఒకవైపు, ఇన్ని ఆనవాళ్లు కళ్ల ముందుంటే ఇంకా అనుమానించకపోవడం తెలివితక్కువ కాదా అని ఇంకోవైపు. నేరుగా అడిగేయవచ్చు. అడిగితే లేదంటాడు. లేదని ఒకసారి చెప్పనే చెప్పాడు.

గురువారం మధ్యాహ్నం అతను బయటికి వెళ్లాక ఆమె పలక తెరిచింది.

పన్నెండు వరసలు, వరసకొక మెషీను. వాటి కింద పదమూడో వరస చేర్చింది. ల్యాబులో పదమూడో మెషీన్ లేదు. దాని వేడి అని ఒక అంకె వేసింది: తొంభై ఏడు పాయింట్ మూడు. అసలు మెషీన్లు ఏనాడూ ఎనభై దాటలేదు. కాబట్టి ఆ అంకె ఎక్కడ వినిపించినా ఎక్కడినుంచి వెళ్లిందో ఇట్టే తెలిసిపోతుంది. తన రెండు ప్రోగ్రాములకూ పదమూడో వరసను చూసీ చూడనట్టు వదిలేయమని చెప్పింది. గోడ మీది తెరకు అది కనిపించదు, రిపోర్టులోకి రాదు. ఇంక దాన్ని చదివేది ఆ మూడోవాడు ఒక్కడే. శుక్రవారం పదింటికి కంపెనీ గదిలో మరిది తెర తిప్పి చూపిస్తే, పదమూడు మెషీన్లు చూపిస్తాడు. ఆ కంపెనీ మనిషి మూడోసారి వచ్చినప్పుడు ల్యాబులో ఎన్ని మెషీన్లున్నాయని మాటల్లో పెట్టి అడిగితే చాలు.

సరిగ్గా పది గంటలకు మొదలయ్యేలా పెట్టి, చివరి మీట నొక్కబోతూ ఆగింది. ఇన్నేళ్లలో కొలవని అంకె ఏదీ ఆ పలక మీద పడలేదు. ఒకసారి సెన్సర్ పాడై అంకె రాకపోతే, నిన్నటి అంకె వేసి నడిపిద్దామని తను అన్నందుకు ఆయన ఒక రోజంతా మాట్లాడలేదు.

రెండు రోజులే కదా అనుకుంది. నొక్కింది.

శుక్రవారం మరిది తెల్ల చొక్కాలో గుమ్మం దాటడం మేడ మీదినుంచి చూసింది. తొమ్మిదిన్నరకే ఆఫీసుకు వచ్చి తెర ముందు కూర్చుంది. పది కాగానే పదమూడో వరస వెలిగింది. ఆమె మూడోవాడి లెక్క మీదే చూపు నిలిపింది. చదివాడు. అయిదు సెకన్లకు మళ్లీ చదివాడు.

పది దాటి ఒక నిమిషం కాగానే మొదటి వరస చీకటైంది. ఆమెకు అర్థం కాలేదు. కాసేపటికి రెండోది పోయింది, తరవాత మూడోది. ఎవరో గదిలో నడుచుకుంటూ వెళ్లి ఒక్కొక్క దీపాన్నీ ఆర్పుతున్నట్టు, పైనుంచి కిందికి, వరసగా. చివరికి తెర మీద మిగిలింది పదమూడో వరస ఒక్కటే. లేని మెషీన్ ఒక్కటే తొంభై ఏడు పాయింట్ మూడు దగ్గర నిశ్చింతగా నడుస్తోంది.

ఆమె గబగబా ఆ వరస చెరిపేసింది. అప్పటికే ఫోను మోగుతోంది.

"ఏం చేసిందమ్మా మీ ప్రోగ్రామ్?" ల్యాబు మేనేజరమ్మ గొంతు. "పన్నెండూ ఆగిపోయాయి! హాలు నిండా జనం ఉన్నారిక్కడ!"

బస్సులో రెండు స్టాపులు. కూర్చోడానికి చోటున్నా ఆమె నిలబడే వెళ్లింది.

ల్యాబు హాల్లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. మోచేతి మడతలో దూది పెట్టుకుని చేయి ముడిచి కూర్చున్నవాళ్లను దాటుకుంటూ వెళ్తుంటే, రెండు చేతుల్లోనూ దూది పెట్టుకున్న ముసలావిడ ఒకామె కనిపించింది. సగంలో ఆగిన గొట్టాలు ఇక పనికిరావట. నలభై ఒక్క మంది దగ్గర మళ్లీ రక్తం తీస్తున్నారు. ఏడేళ్ల పిల్ల ఒకతి తండ్రిని నిలదీస్తోంది.

"ఇందాకటి రక్తం ఏం చేశారు నాన్నా? పారేశారా? పారేసేదానికి నాదెందుకు తీశారు?"

"తప్పు జరిగిందిలే తల్లీ."

"తప్పు వాళ్లదైతే సూది వాళ్లు పొడిపించుకోవాలి."

ఆమె తల దించుకుని లోపలికి నడిచింది.

మెషీన్ల గదిలో మేనేజరమ్మ, మేస్త్రి ఉన్నారు. మేస్త్రి అంటే ఆ మెషీన్లను చూసుకునే పెద్దాయన. రోజూ పొద్దున ఒక్కొక్క మెషీనుకూ చెవి ఆనించి ఫ్యాను చప్పుడు వింటాడు. అందుకని ల్యాబులో అంతా ఆయన్ని చెవుల మేస్త్రి అంటారు. ఇప్పుడాయన చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడి ఉన్నాడు.

"చెప్పండి, మీరే చెప్పండి ఆవిడకి," అంది మేనేజరమ్మ.

"నేనే ఆపానమ్మా," అన్నాడు మేస్త్రి. "నేనంటే నా ప్రోగ్రామ్. చిన్నది, ఇరవై లైన్లు. నా జన్మలో రాసింది అదొక్కటే. పలక మీద ఏ అంకైనా తొంభై ఐదు దాటి నిమిషంపాటు అలాగే ఉంటే, మెషీన్లన్నీ వరసగా ఆపేస్తుంది. పోయినేడాది ఏసీ ఆగిపోయి ఒక మెషీను మాడిపోయింది కదా. నేను ఇంట్లో ఉన్నాను అప్పుడు. మళ్లీ అలా కాకూడదని..."

"మిమ్మల్ని ఎవరు రాయమన్నారు?" అంది మేనేజరమ్మ. "ఎవరినడిగి పెట్టారు? సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు. నేను పైవాళ్లకి ఏదో ఒకటి చెప్పుకోవాలి."

మేస్త్రి ఆమె వైపు తిరిగాడు.

"పలక చదివే కాగితాలు మీ మరిదిగారు ఇచ్చారమ్మా. అడిగితే పాపం కాదనలేక ఇచ్చారు. 'ఆ కాగితాల మాటెత్తితే మా వదినకి కష్టంగా ఉంటుంది, కొంచెం ఆగి నేనే చెప్తాను' అన్నారు. నాకు ఎక్కడ తట్టుకున్నా ఆయనకే ఫోను చేసేవాణ్ణి. ఆయనకేం తెలుసు? మెట్ల మీద నిలబడి ఆ కాగితాన్నే మళ్లీ చదివి వినిపించేవారు."

సొరుగులో కిందామీదా అయిన ఆ రెండు కాగితాలు ఆమెకు గుర్తొచ్చాయి.

"ఒకటే అర్థం కాలేదమ్మా," అన్నాడు మేస్త్రి. "పొద్దున అన్నింటికీ చెవి పెట్టాను. ఒక్కటీ వేడెక్కలేదు. ఆగాక చూస్తే నా ప్రోగ్రామ్ పలక మీద తొంభై ఏడు పాయింట్ మూడు చదివినట్టుంది. నా చెవే పాడైందేమో అనుకున్నాను. మీ సారు చేసిన పలక అబద్ధం చెప్తుందని మాత్రం అనుకోలేదు."

మేనేజరమ్మ ఆమెనే చూస్తోంది. "ఒక్కటి చెప్పండి. తప్పు మీ అంకెదా, ఈయన ప్రోగ్రామ్‌దా?"

పదమూడో వరస ఇప్పుడు లేదు. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. కొత్తగా నేర్చుకుని రాసిన ఇరవై లైన్లు, అందులో ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది అంటే చాలు. అందరూ నమ్ముతారు. మేస్త్రి అందరికన్నా ముందు నమ్ముతాడు. సోమవారం పదకొండు శాఖల పనీ వస్తుంది. ప్రోగ్రామ్ నిలుస్తుంది.

"అంకెదే," అంది ఆమె. "ఆయన ప్రోగ్రామ్ చేయాల్సింది చేసింది. అది కొలిచిన అంకె కాదు. లేని మెషీనొకటి సృష్టించి, దానికి ఆ అంకె నేనే వేశాను. ఎవరో దొంగచాటుగా పలక చదువుతున్నారనుకుని, పట్టుకుందామని వేశాను."

గదిలో మెషీన్లు ఆగి ఉన్నాయి కాబట్టి ఆ మాటలు ఉన్నదానికన్నా గట్టిగా వినిపించాయి.

"ఎవరనుకున్నారు?" అంది మేనేజరమ్మ.

"నేనేనని అనుకుందిలెండి," అన్నాడు మరిది. ఎప్పుడొచ్చాడో, తెల్ల చొక్కాతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మేనేజరమ్మ అతనికీ ఫోను చేసినట్టుంది. ఇస్త్రీ మడతలు ఇంకా చెదరలేదు. ముఖంలో నవ్వు లేదు. నవ్వులేని ఆ ముఖం అన్న ముఖంలా ఉంటుందని ఆమె అంతకుముందు ఎప్పుడూ గమనించలేదు.

మేనేజరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. కిటికీలోంచి హాల్లోకి చూసింది. ఆ తరవాత మెల్లగా మాట్లాడింది.

"మేస్త్రిగారు ఉంటారు. సోమవారం చేస్తామన్న నిర్ణయం మాత్రం సోమవారం లేదు. నెలరోజులు ఆయన చేతి థర్మామీటరుతో ఒక్కొక్క మెషీన్నీ కొలిచి, మీ అంకె పక్కన తన అంకె రాస్తారు. మీరు రోజూ వచ్చి ఎదురుగా కూర్చోవాలి. తేడా రాకపోతే అప్పుడు మాట్లాడదాం. వస్తే, ఉన్న ఈ ఒక్కచోటినుంచి కూడా తీసేస్తాను."

"వస్తాను," అంది ఆమె. "నెల చాలదనుకుంటే రెండు నెలలు వస్తాను."

బయట బండి దగ్గర మరిది హెల్మెట్ పెట్టుకోకుండా చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"ఎక్కడికెళ్లానో అడగవా?"

"చెప్తావా?"

"ఆ కంపెనీకే. నాకు ఉద్యోగమిస్తాం రమ్మన్నారు. ఊరికే విందామని వెళ్లాను. ఉద్యోగం గురించి ఒకసారి అడిగారు, మన ప్రోగ్రామ్ గురించి నాలుగుసార్లు అడిగారు. టీ మాత్రం బ్రహ్మాండంగా ఉంది." హెల్మెట్ తిప్పడం ఆపాడు. "నేనేమీ చెప్పలేదు వదినా. వాళ్లతో కుదరదనీ అనలేదు. ఆలోచించుకుంటానన్నాను. ఆ గదుల్లో కూర్చుంటే ఒక్కోరోజు నాకు ఊపిరాడదు. వెనక్కి తిరిగితే అన్న కుర్చీ కనిపిస్తుంది. నీకు చెప్పలేక మా ఆవిడతో చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను."

ఆమె బండి దగ్గరికి ఒక అడుగు వేసింది.

"నమ్ముతావా?"

నమ్ముతున్నానని అనడం చాలా తేలిక. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. ఈ పూటకు కొలవని అంకె ఒకటి వేసింది చాలనుకుంది.

"ఇంకా తెలీదు," అంది.

అతను ఆమెను తేరిపార చూశాడు. కోప్పడతాడనుకుంది. పెదవి చివర కొంచెం నవ్వు కదిలింది.

"పొద్దుటినుంచి నువ్వు చెప్పిన నిజాల్లో ఇది రెండోది. పర్లేదు, వేగం పుంజుకుంటున్నావు. ఒక పని చెయ్యి వదినా. మేస్త్రి పుస్తకంలో నాకూ ఒక కాలమ్ గీయి. రోజూ కొలుచుకుందువుగాని."

"అలాగే," అంది ఆమె. "సోమవారం నువ్వూ రా. మేస్త్రి కొలుస్తారు, నేను చదువుతాను, నువ్వు రాద్దువుగాని."

"కలం నా చేతికిస్తావా? ఏ అంకె రాస్తానో నీకేం తెలుసు?"

"పక్కనే కూర్చుని చూస్తాను."

"చూస్తావా, నమ్ముతావా?"

"ముందు చూస్తాను."

అతను బండి స్టార్ట్ చేసి, ఆమె సర్దుకుని కూర్చునేదాకా ఆగాడు. హాల్లోంచి ఇందాకటి పిల్ల చేయి ముడుచుకుని తండ్రితో బయటికొస్తూ, వీళ్లవైపు ఒకసారి చూసి, మెట్లు దిగింది. బండి కదిలింది.